కార్డుకెక్కని కూరగాయ



ఏటా ఈ ఉపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ మాస్టారు, రైతుబజారుకు పొద్దున్నే కాదు, చీకటి పడే వేళ కూడా వెళ్లి చూడమని విద్యార్థులకు చెప్పేవారు. పొద్దున ధరల బోర్డు చూస్తే మార్కెట్ అర్థమవుతుంది. సాయంత్రం మిగిలిన సరుకును కుప్పలు పోసి ‘కుప్ప ఇరవై’ అని అమ్మేటప్పుడు ఎవరు వచ్చి కొంటున్నారో చూస్తే ఊరు అర్థమవుతుంది. ఈ మాట ఆయన చాలాసార్లు అన్నారు. ఇవాళ నేను ఆ సాయంత్రం వచ్చే మనిషి గురించే మాట్లాడదలిచాను. అయితే ముందు మిమ్మల్ని అమెరికా తీసుకెళ్తాను. అక్కడ ఆ మనిషి కోసం ప్రభుత్వం డబ్బు తీసింది, చట్టంలో రాసింది, లెక్క కట్టి ఫలితం చూసుకుంది. ఫలితం బాగుందని తేలాక కూడా చేయవలసినంత చేయలేదు. ఎందుకు చేయలేదన్నది మనకు పనికొచ్చే ప్రశ్న.

1939 మే నెలలో, న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్ పట్టణంలో ఈ కథ మొదలైంది. మహామాంద్యం వచ్చి పదేళ్లవుతోంది. పనుల్లేక జనం అర్ధాకలితో ఉన్నారు. అదే దేశంలో కొనే దిక్కులేక రైతుల దగ్గర గుడ్లు, వెన్న, పండ్లు పేరుకుపోతున్నాయి. హెన్రీ వాలెస్ వ్యవసాయ మంత్రి. ఆయన శాఖ ఆ ఊళ్లో రెండు రంగుల స్టాంపులు తెచ్చింది. సహాయం అందుకునే కుటుంబం తిండికి మామూలుగా పెట్టే ఖర్చుతో నారింజరంగు స్టాంపులు కొనుక్కోవాలి. వాటితో ఏ తిండి వస్తువైనా తెచ్చుకోవచ్చు. అలా డాలరు పెట్టి కొన్న ప్రతిసారీ అర డాలరు విలువైన నీలం స్టాంపులు ఉచితంగా చేతికొచ్చేవి. నీలం స్టాంపుతో మాత్రం శాఖ ఆ నెలకు ‘మిగులు’ అని ప్రకటించిన సరుకే కొనాలి.

ఈ ఏర్పాటులో ఉన్న తెలివిని కాస్త నిదానంగా చూడాలి. మిగులు సరుకును ప్రభుత్వం తానే కొని, గోదాముల్లో పెట్టి, వరసలో నిలబెట్టి పంచే పద్ధతి అప్పటికే ఉంది. దాన్ని పక్కనపెట్టి డబ్బును కొనేవాళ్ల చేతికే ఇచ్చారు. ఆ ఇల్లాలు మామూలు అంగడికి, మామూలు వేళకు, అందరితోపాటు వెళ్లి తనకు కావలసింది ఏరుకుంది. అంగడివాడికి బేరం దక్కింది, రైతుకు ధర నిలబడింది, పిల్లలకు గుడ్డు దొరికింది. నాలుగేళ్లలో దాదాపు 2 కోట్ల మంది ఎప్పుడో ఒకప్పుడు ఈ స్టాంపులు వాడుకున్నారు. దేశంలోని సగం కౌంటీలకు ఇది పాకింది. మొత్తం ఖర్చు 26 కోట్ల 20 లక్షల డాలర్లు. యుద్ధం వచ్చి అందరికీ పని దొరికి, మిగులు పంట కరిగిపోయేసరికి 1943లో ఆపేశారు.

కెనడీ 1961లో ప్రయోగంగా మళ్లీ తెచ్చినప్పుడు నీలం స్టాంపు మాత్రం తిరిగి రాలేదు. 1964లో చట్టం వచ్చింది, 2008లో పేరు మార్చి స్నాప్ అన్నారు. ఈ మధ్యకాలంలో కాగితం స్టాంపులు పోయి, 2004 నాటికి దేశమంతా బ్యాంకు కార్డులాంటి ఈబీటీ కార్డు వచ్చేసింది. కార్డు రావడం మంచిదే. క్యూలో వెనకున్నవాడికి మీ చేతిలో ఉన్నది స్టాంపని తెలియదు, మోసం తగ్గింది. కానీ పార్కింగ్ స్థలంలో గుడారం వేసుకుని కూరగాయలు అమ్మే రైతు దగ్గర కరెంటు లేదు, ఫోను తీగ లేదు, కార్డు గీకే యంత్రం లేదు. కాగితం స్టాంపు తీసుకోగలిగినవాడు కార్డు తీసుకోలేకపోయాడు. పేదవాళ్లకు రైతు మార్కెట్ ఇంకా దూరమైంది.

ఈ దూరాన్ని తగ్గించడానికి జీవితమంతా పనిచేసిన మనిషి గస్ షూమాకర్. మసాచుసెట్స్‌లో కూరగాయలు పండించే కుటుంబంలో పుట్టారు. ఆ రాష్ట్రానికి వ్యవసాయ కమిషనరుగా, తర్వాత క్లింటన్ హయాంలో కేంద్ర వ్యవసాయ శాఖలో అండర్ సెక్రటరీగా పనిచేశారు. ఆయన పదేపదే చెప్పిన సంఘటన ఒకటుంది. 1980లో బోస్టన్‌లోని డార్చెస్టర్ రైతు మార్కెట్‌లో సోదరుడి పళ్ల పెట్టెలు సర్దుతుంటే ఒక పెట్టె అడుగు ఊడి బేరిపళ్లు రోడ్డు పక్కన దొర్లిపోయాయట. పిల్లలతో వచ్చిన ఒక తల్లి గబగబా వాటిని ఏరుకుంది. అడిగితే, తాను ఫుడ్ స్టాంపుల మీద బతుకుతున్నానని, తాజా పళ్లు కొని పిల్లలకు పెట్టే స్తోమతు లేదని చెప్పింది. మంచి తిండి విలువ ఆ తల్లికి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆమెకు లేనిది డబ్బే. పేదవాళ్లకు పోషకాహారం మీద అవగాహన కల్పించాలని మన సభల్లోనూ తరచు వింటుంటాం. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఈ తల్లి గుర్తొస్తుంది.

షూమాకర్ కమిషనరుగా ఉండగానే గర్భిణులకు, పసిపిల్లల తల్లులకు రైతు మార్కెట్ కూపన్లు ఇప్పించారు. అది తర్వాత జాతీయ పథకమైంది. 2007లో మిషెల్ నిషాన్ అనే వంటల నిపుణుడితో కలిసి హోల్‌సమ్ వేవ్ సంస్థ పెట్టి, స్నాప్ డాలరుకు ఇంకో డాలరు కలిపే కూపన్లను రాష్ట్రాలకు తీసుకెళ్లారు. న్యూయార్క్ నగర ఆరోగ్యశాఖ 2005లోనే కూపన్లు మొదలుపెట్టింది; స్నాప్ కార్డు మీద 5 డాలర్లు ఖర్చుపెడితే 2 డాలర్ల కూపను ఇచ్చేది. 2009లో డెట్రాయిట్‌లోని అయిదు రైతు మార్కెట్లలో ఓరన్ హెస్టర్‌మన్ నెలకొల్పిన ఫెయిర్ ఫుడ్ నెట్‌వర్క్ ‘డబుల్ అప్ ఫుడ్ బక్స్’ మొదలుపెట్టింది. ఇప్పుడు ఆ పేరు ఇరవైకి పైగా రాష్ట్రాల్లో వినిపిస్తోంది.

డెట్రాయిట్ శివార్లలో, నోవైలో, కాంటన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అలా బంధువుల ఇంటికి వెళ్లిన నేను ఒక శనివారం ఈస్టర్న్ మార్కెట్‌కు వెళ్లాను. పందొమ్మిదో శతాబ్దం నుంచి నడుస్తున్న మార్కెట్ అది. పొడవాటి షెడ్లలో రైతులు బల్లలు వేసుకుని కూర్చుంటారు. షెడ్డు చివర ఒక చిన్న బల్ల దగ్గర మార్కెట్ మనిషి కార్డు యంత్రం పెట్టుకుని ఉంది. మనవణ్ణి వెంటబెట్టుకుని ఒక పెద్దావిడ వచ్చింది. పది డాలర్లు గీకమంది. ఆమె చేతికి పది డాలర్ల విలువైన బిళ్లలు ఇచ్చి, పక్కన ఇంకో రకం బిళ్లలు మరో పది డాలర్లకు ఇచ్చారు. మొదటి రకంతో రొట్టె, తేనె, మాంసం ఏదైనా కొనవచ్చు. రెండో రకంతో పండ్లు, కూరగాయలే కొనాలి. ఆమె ముందు రెండో రకం బిళ్లలు తీసి వెడల్పాటి ఆకుల కొల్లార్డ్ కట్టలు రెండు, చిలగడదుంపలు, ఒక బుట్ట పీచ్ పళ్లు తీసుకుంది. బిళ్లకు చిల్లర ఇవ్వరు. లెక్కలో కొంచెం మిగిలితే రైతు రెండు టమాటాలు ఎక్కువ వేసి సరిపెట్టాడు. పళ్ల బుట్ట మనవడు మోశాడు. మార్కెట్ మూసేటప్పుడు రైతులు బిళ్లలు లెక్కపెట్టి అప్పగిస్తే వాళ్ల ఖాతాలో డబ్బు పడుతుంది.

చూడ్డానికి ఇంతే. ఈ చిన్న బిళ్ల వెనకున్న డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న దగ్గరే అసలు సంగతి ఉంది.

కొనేవాడికి ప్రోత్సాహం ఇస్తే నిజంగా ఎక్కువ తింటాడా అన్నది తేల్చుకోవడానికి 2008 నాటి ఫార్మ్ బిల్లు అనే వ్యవసాయ చట్టంలో 2 కోట్ల డాలర్లు పెట్టారు. మసాచుసెట్స్‌లోని హాంప్‌డెన్ కౌంటీలో స్నాప్ కుటుంబాల్లోంచి లాటరీ తీసి 7,500 కుటుంబాలను ఎంచుకున్నారు. 2011 చివరి నుంచి 2012 చివరి దాకా, ఆ కుటుంబాలు కూరగాయలకూ పళ్లకూ ఖర్చుపెట్టిన ప్రతి డాలరుకు 30 సెంట్లు వెంటనే వాళ్ల కార్డులోకే వెనక్కు వచ్చాయి. ఆ కుటుంబాల పెద్దలు మిగతావాళ్లకంటే దాదాపు 26 శాతం ఎక్కువ కూరగాయలు, పళ్లు తిన్నారు. రోజుకు పావు కప్పు. ప్రోత్సాహానికి అయిన ఖర్చు మనిషికి రోజుకు 15 సెంట్లు కూడా లేదు. ఇంత శుభ్రంగా తేలిన ప్రశ్నలు ప్రజా పథకాల్లో అరుదు.

జవాబు చేతికొచ్చాక వాషింగ్టన్ చేసిందేమిటి? ఆ 30 సెంట్లను దేశమంతటా కార్డులో కలిపేయవచ్చు. అలా చేయలేదు. పోటీ పెట్టింది. 2014 ఫార్మ్ బిల్లులో అయిదేళ్లకు 10 కోట్ల డాలర్లు కేటాయించి, స్వచ్ఛంద సంస్థలు, ప్రభుత్వ విభాగాలు దరఖాస్తు పెట్టుకుంటే మెచ్చినవాటికి గ్రాంటు ఇస్తామంది. 2017లో షూమాకర్ కన్నుమూశారు. 2018లో పథకానికి ఆయన పేరు పెట్టి, నిధిని అయిదేళ్లకు 25 కోట్లకు పెంచి, చట్టంలో శాశ్వత స్థానం ఇచ్చారు. అందుకు సంతోషించాలి. గస్‌నిప్ అని పిలిచే ఈ పథకం లేకపోతే నేను డెట్రాయిట్‌లో చూసిన బిళ్లల్లాంటివి చాలా ఊళ్లలో ఉండేవి కావు. డాక్టరు చీటీ రాస్తే కూరగాయలు ఇచ్చే కార్యక్రమాలకు కూడా ఇందులోంచే కొంత వాటా పోతోంది.

కానీ లెక్క చూడండి. స్నాప్ ఏటి ఖర్చు సుమారు 10,000 కోట్ల డాలర్లు. ఈ ప్రోత్సాహక గ్రాంట్లు సగటున ఏడాదికి 5 కోట్లు. వెయ్యి డాలర్ల తిండి సాయంలో అర డాలరన్నమాట. 1939లో అదే అర డాలరు ఒక్క డాలరుకే దక్కింది.

మొత్తం తక్కువని బాధపడటం ఒక ఎత్తు. గ్రాంటు అనే రూపమే తెచ్చిపెట్టే ఇబ్బందులు మరో ఎత్తు. నాకు వాటి మీదే ఎక్కువ పట్టింపు. మొదటిది జత నిధి షరతు. ప్రోత్సాహక గ్రాంటు అడిగే సంస్థ కేంద్రం ఇచ్చే ప్రతి డాలరుకు కేంద్రేతర డబ్బు ఒక డాలరు చూపించాలి. పెద్ద ఫౌండేషన్లు, ఉదారమైన రాష్ట్ర ప్రభుత్వం ఉన్న మిషిగన్‌కు, కాలిఫోర్నియాకు ఇది మోయగలిగిన బరువే. పత్తి చేల మధ్యనున్న ఒక మిసిసిపీ కౌంటీలో ఆ రెండో డాలరు ఎవరిస్తారు? పేదరికం ఎక్కడ దట్టంగా ఉందో అక్కడ దాతలు పలచగా ఉంటారు. షరతు రాసినవాళ్ల ఉద్దేశం స్థానికుల బాధ్యత పెంచడమే కావచ్చు, కానీ ఫలితం మాత్రం ఉన్నచోటికే మళ్లీ పెట్టడం. జత నిధి వాటా తగ్గించాలన్న బిల్లులు కాంగ్రెస్ ముందుకు వచ్చాయి కూడా.

రెండోది గడువు. చిన్న గ్రాంటు లక్ష డాలర్లు మించదు, ఏడాదికే. మధ్యస్థమైనది 5 లక్షల దాకా, గరిష్ఠంగా నాలుగేళ్లు. నమ్మకం కుదరడానికి రెండు సీజన్లు పడుతుంది. ఆ మార్కెట్‌లో కార్డు తీసుకుంటారట అన్న వార్త చర్చిలో, క్లినిక్‌లో, బస్సు స్టాపులో పాకాలి. పాకేసరికి గడువు దగ్గరపడుతుంది. మళ్లీ దరఖాస్తు, మళ్లీ నిరీక్షణ. చలికాలంలోనే విత్తనం ఆర్డరు పెట్టే రైతు, వచ్చే వేసవికి ఆ బిళ్లలు ఉంటాయో లేదో తెలియక రెండు వరసలు అదనంగా నాటే ధైర్యం చేయడు. ఒకసారి బల్ల దగ్గరికొచ్చి ‘ఈ ఏడు లేదమ్మా’ అనిపించుకున్న మనిషి మరుసటి ఏడు ఉందన్నా రావడం కష్టం. ఆ అవమానం ఏ నివేదికలోనూ అంకెగా చేరదు.

గ్రాంట్ల వల్లే కొత్త ఆలోచనలు పుట్టాయని నాతో వాదించేవారున్నారు. నిజమే, ఒప్పుకుంటాను. న్యూయార్క్ కూపను, డెట్రాయిట్ బిళ్ల, డాక్టరు రాసే కూరగాయల చీటీ ఏవీ వాషింగ్టన్ బల్ల మీద పుట్టలేదు. తెలియనిది తెలుసుకోవడానికి గ్రాంటుకు మించిన సాధనం లేదు. తెలిసిపోయినదాన్ని కూడా ఏళ్ల తరబడి గ్రాంటు మీదే నిలబెట్టడం దగ్గరే నా అభ్యంతరం. పైగా గ్రాంటు ఒక్క ఉత్తరంతో ఆగిపోగలదు. 2025 మార్చిలో, ఆహార బ్యాంకులు, బడులు స్థానిక రైతుల దగ్గర కొనడానికి ఉద్దేశించిన రెండు పథకాల కింద రావలసిన సుమారు 100 కోట్ల డాలర్లను కేంద్ర వ్యవసాయ శాఖ రద్దు చేసింది. ఆ కొనుగోళ్లను నమ్ముకుని సాగు పెంచిన రైతులు చేలో పంటతో మిగిలారు.

కార్డులోనే కలిపితే ఎలా ఉంటుందో చూపిన రాష్ట్రం ఒకటుంది. హాంప్‌డెన్ ప్రయోగం జరిగిన మసాచుసెట్సే 2017 ఏప్రిల్‌లో సొంత పథకం తెచ్చింది. రైతు దగ్గర స్నాప్ కార్డుతో కూరగాయలు కొంటే అంత డబ్బూ అక్కడికక్కడే కార్డులోకి తిరిగొస్తుంది. బిళ్లలు లేవు, కూపన్లు లేవు. కుటుంబం పరిమాణాన్ని బట్టి నెలకు 40, 60, 80 డాలర్ల పరిమితి పెట్టారు. జనం ఎంత ఆదరించారంటే, అనుకున్న డబ్బు ముందే అయిపోయి 2018 వసంతంలో కొన్నాళ్లు ఆపవలసి వచ్చింది. 2024 డిసెంబరులో నిధులు చాలక, ఎంత పెద్ద కుటుంబమైనా నెలకు 20 డాలర్లే అన్నారు. అంటే కార్డులోకి ఎక్కించడం ఒక్కటే చాలదు. ‘ఉన్నంత వరకు’ అన్న షరతు కూడా పోవాలి. గర్భిణులకు, చిన్నపిల్లలకు ఇచ్చే విక్ పథకం ఆ దారిలో ఇంకాస్త ముందుకెళ్లింది. 2009 నుంచి అందులో పళ్లకూ కూరగాయలకూ విడిగా సొమ్ము ఇస్తున్నారు. కోవిడ్ కాలంలో పెంచిన మొత్తాన్ని 2024 నిబంధనలతో ఖాయం చేశారు. బాలింత దరఖాస్తు పోటీలో గెలవనక్కర్లేదు. అర్హత ఉంటే కూరగాయ ఉంది.

ఈ మధ్య కొన్ని రాష్ట్రాలు స్నాప్ కార్డుతో కూల్‌డ్రింకులు కొనకుండా కేంద్రం దగ్గర అనుమతి తెచ్చుకుంటున్నాయి. పేదవాళ్ల సంచిలోంచి ఒకటి తీసేయడానికి ఉన్న చొరవ ఇంకొకటి వేయడానికి లేదెందుకని నాకు మనసుకు కష్టమనిపిస్తుంది. పైగా 2025లో ఫెడరల్ ప్రభుత్వం మూతపడినప్పుడు నవంబరు నెల స్నాప్ సొమ్మే సమయానికి పడలేదు. నాలుగు కోట్ల పైచిలుకు జనం కార్డు పట్టుకుని ఎదురుచూశారు. డాలరుకు డాలరు కలిపే ఏ పథకమైనా ఆ మొదటి డాలరు మీదే నిలబడుతుంది.

ఇక మన దగ్గరికి వద్దాం. రెండు రూపాయల బియ్యం 1983లో వచ్చింది. 2013 ఆహార భద్రతా చట్టం మనిషికి నెలకు 5 కిలోల తిండిగింజలను హక్కు చేసింది. కార్డు మీద బియ్యానికి ఏ సంస్థా దరఖాస్తు పెట్టదు, ఏ గడువూ ముగియదు. అది మన దేశం సాధించిన పెద్ద విషయం. కానీ ఆ కార్డులోకి కూరగాయ ఎక్కలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. దానికి కారణాలు అనేకం. పళ్లెంలో అన్నమే ఎక్కువై ఆకుకూర, పప్పు, పండు తక్కువ కావడం వాటిలో ఒకటి.

రైతుబజార్లు 1999 జనవరి 26న మొదలయ్యాయి. దళారి లేకుండా రైతు నేరుగా అమ్మే ఈ ఏర్పాటు కొనేవాడికీ అమ్మేవాడికీ మేలు చేసింది. అందులో పేదవాడికని ప్రత్యేకంగా ఏమీ లేదు. ధర మండినప్పుడు మాత్రం ప్రభుత్వం కదులుతుంది. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఉల్లి కిలో 25 రూపాయలకు అమ్మారు, పొడవాటి క్యూలు కట్టించారు. 2023 జులైలో టమాటా కిలో 50 రూపాయలకు ఇచ్చారు. ధర పడిపోయి పత్తికొండలో రైతు టమాటాను రోడ్డు మీద పారబోసినప్పుడు ఆ కదలిక అంతగా కనిపించదు. రాచెస్టర్‌లో నీలం స్టాంపు పుట్టింది సరిగ్గా అలాంటి రోజుల కోసమే.

నేను అడిగేది చిన్నది. ఒక పట్టణం తీసుకోండి. వెయ్యి రేషన్ కార్డులు ఎంచుకోండి. వారానికి వంద రూపాయలు కూరగాయలకు ఖర్చుపెడితే మరో వంద ప్రభుత్వం కలపాలి. వారానికి లక్ష, ఏడాదికి 52 లక్షలు. గిట్టుబాటు పోయిన పంట ఏదైనా ఉంటే ఆ వారం దానికి ఇంకొంచెం కలపవచ్చు. రేషన్ దుకాణంలో వేలిముద్ర తీసుకునే ఈ-పోస్ యంత్రం లాంటిదే రైతుబజారు ఎస్టేట్ అధికారి బల్ల మీద పెట్టవచ్చు. తెల్లవారుజామున బస్సెక్కి మూట దించిన రైతు సాయంత్రం డబ్బుతోనే ఇంటికెళ్లాలి కాబట్టి చెల్లింపు నెలాఖరుకు వాయిదా పడకూడదు. ప్రతి బల్ల మీదా వేలాడుతున్న క్యూఆర్ కోడ్‌లోకి అదే రోజు పడాలి.

ఒక్క చిక్కు ముందే చూసుకోవాలి. విశాఖలో సీతమ్మధార, ఎంవీపీ కాలనీ రైతుబజార్ల చుట్టూ ఉన్నవి ఎక్కువగా మధ్యతరగతి ఇళ్లు. మురికివాడలో ఉండే మనిషి కొనేది వీధి చివర తోపుడుబండి దగ్గర, అదీ చీకటి పడ్డాక, అరకిలో, పావుకిలో. హాంప్‌డెన్‌లోనూ ప్రోత్సాహపు సొమ్ములో సింహభాగం రైతు మార్కెట్లలో ఖర్చు కాలేదు, సూపర్‌మార్కెట్లలో అయింది. ఆ కుటుంబాలు అలవాటుగా వెళ్లేది అక్కడికే మరి. కాబట్టి మన వంద రూపాయలు బండి దగ్గర కూడా చెల్లాలి. 2020లో మొదలైన స్వనిధి పథకం కింద వీధి వ్యాపారులను గుర్తించి కార్డులు ఇచ్చారు, డిజిటల్ చెల్లింపులు అలవాటు చేశారు. వాళ్లలో ఆ చుట్టుపక్కల రైతుల సరుకు తెచ్చేవాళ్లను చేర్చుకుంటే సరిపోతుంది.

మొదటి ఏడాది ఖర్చు ఏ సంస్థ గ్రాంటుతోనైనా, ఏ దాత డబ్బుతోనైనా నడవవచ్చు. ఆ ఏడాది లెక్కలు బాగుంటే, రెండో ఏడాది నుంచి ఈ ఖర్చు పౌరసరఫరాల శాఖ పద్దులో, బియ్యం పక్కనే రాయించాలి. ఆ హామీ కాగితం మీద చేతికొచ్చాకే మొదటి కార్డు గీకాలని నా అభిప్రాయం.